మందుసీసా మూతతో కొలిచిన చేదు

కొత్తగూడెం చుట్టుపక్కల చేదు జిన్ను కలపడం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఆ విద్య నాకు ఒక విదేశీ ఇంజినీరు నేర్పాడు. గనిలో కొత్త మిషను బిగించడానికి వచ్చినాయన. ఒక సాయంత్రం గెస్ట్‌హౌస్ వరండాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మూడు సీసాల్లోంచి సమానంగా వంచి, ఐసుముక్క వేసి, నారింజ తొక్కను గ్లాసు మీద మెలితిప్పి, "ఇది ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఇన్నేళ్లూ ఆ రహస్యాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను.

ఈ ముక్క పెళ్లిళ్లలో, చావు ఇళ్లలో, రైలుపెట్టెల్లో ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఇప్పుడు ఆ అబద్ధం బరువు దించుకోవాలి. ఇంజినీరు వచ్చిన మాట నిజం. నేను గనిలో ఎలక్ట్రీషియన్ని కాబట్టి ఆయన వెనక టార్చిలైటు పట్టుకుని మూడు రోజులు నడిచిన మాటా నిజం. ఆయన మాత్రం తాగిందల్లా సీసా నీళ్లు. నాతో మాట్లాడిందల్లా ఒక్కటే, "లైటు సరిగ్గా పట్టుకో" అని. చేదు జిన్ను నేను రిటైరయ్యాక ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నాను. అది కూడా మా ఆవిడ కసురుతుందని సౌండు తీసేసి చూశాను, అందుకే సగమే వంటబట్టింది.

రిటైరైనవాడికి సాయంత్రం ఐదున్నర గడవడం కష్టం. షిఫ్టు సైరను వినపడుతుంది గాని, లేచి వెళ్లేది మనం కాదు. ఊరి చివర కట్టుకున్న రెండు గదుల ఇంట్లో నేను అటూ ఇటూ తిరుగుతుంటే ఆవిడ, "ఆ ఫ్యాను విప్పి మళ్లీ బిగించుకోరాదూ" అనేది. మూడుసార్లు విప్పాక ఫ్యానే మొరాయించింది. అప్పుడు పట్టుకున్నాను జిన్నును.

వైన్స్ షాపులో కౌంటరాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"జిన్నా? గదెవలు తాగుతరు పెద్దాయనా? బీరు తీస్కపో, సల్లగుంటది."

"నేను తాగుతా."

"ఎన్నడొచ్చి పడ్డదో ఏందో. దుమ్ము తుడ్సుకొని తీస్కపో మరి."

ఇంటికి తెచ్చి మూత తీస్తే ఆవిడ వంటింట్లోంచే ముక్కు మూసుకుంది. ఆవిడది దమ్మపేట. ఆంధ్రా సరిహద్దు పక్కనే కాబట్టి మాట నా మాట కంటే మెత్తగా ఉండేది, ఎత్తిపొడుపు మాత్రం మెత్తగా ఉండేది కాదు. "కోతమిల్లు వాసన వస్తుందయ్యా. కట్టెపొట్టు పిండుకొచ్చావా ఏంటి?"

వీడియోలో వాళ్లు పోసే ఎర్రటి చేదు మందు మన దగ్గర దొరకదు. తీపి కోసం పోసే ద్రాక్షసారా కూడా దొరకదు. చేదుకు నేలవేము, ఎండబెట్టిన బత్తాయి తొక్క, ఇంత దాల్చినచెక్క కలిపి కషాయం కాచాను. తీపికి ఇప్పపువ్వు. ఇప్పపువ్వు కోసం నేను భద్రాచలం దారిలో పొద్దుపొడవక ముందే అడవిలోకి వెళ్లేవాణ్నని, ఒకసారి చెట్టు కింద ఎలుగుబంటి ఒక వైపు, నేను ఒక వైపు ఏరుకున్నామని చెబుతుంటాను. ఎండిన ఇప్పపువ్వు సంతలో కుప్పపోసి అమ్ముతారు, నేను కొన్నది అక్కడే. అమ్మే కోయ పెద్దమ్మ "సారాకా?" అని అడిగేది. "కాదు, బెల్లంతో పాకం పడతా" అంటే పక్కనున్న ఆమె భుజం తట్టి మరీ నవ్వేది. ఆ నవ్వుకు మాత్రం ఎలుగుబంటి ఎదురైనంత భయమేసిన మాట నిజం.

ఇక్కడ ఉప్పు సంగతి చెప్పకపోతే తరవాతది తెలియదు.

మా నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఏదో తీర్పు చెప్పబోతున్నట్టు కాసేపు ఆగి, "ఉప్పు తక్కువ" అనేవాడు. రోజూ. పెళ్లయిన మర్నాటి నుంచి నేనూ అదే పట్టుకున్నాను. రుచి చూసిన మగవాడు ఏదో ఒకటి అనకపోతే బాగుండదనుకున్నాను. ఆవిడ మారుమాటాడకుండా కంచం అంచున చిటికెడు ఉప్పు వేసి వెళ్లేది. నలభై ఏళ్లు అలాగే వేసింది. నిజానికి కూరలో ఉప్పు తక్కువైంది మూడుసార్లో నాలుగుసార్లో. ఆ అంచున వేసిన ఉప్పును నేను ఏనాడూ కలుపుకోలేదు. కంచం కడిగేది ఆవిడే కాబట్టి వేసింది వేసినట్టే ఉండటం రోజూ చూసే ఉంటుంది. ఒక్కనాడూ అడగలేదు.

తరవాత ఆవిడ గొంతులో గడ్డ కనిపించింది. హైదరాబాదులో దవాఖానా పక్కనే గది కిరాయికి తీసుకుని వారాల తరబడి ఉన్నాం. రోజూ తీసుకెళ్లి మెడకు కరెంటు పెట్టేవాళ్లు. మావైపు అందరూ రేడియేషన్ వైద్యాన్ని కరెంటు పెట్టడమనే అంటారు. నేను ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడ నన్ను చూసి తల ఊపేది. "నీ ఉద్యోగమంతా ఆ కరెంటే కదయ్యా. ఇంటిదాన్ని ఒక్కసారి ముట్టుకోకుండా ఎలా పోతుంది?"

గడ్డ కరిగింది. దాంతోపాటే నాలుక మీద రుచి పోయింది. అన్నం సుద్దలా, పప్పు తడిసిన అట్టలా ఉందనేది. నోట్లో తడి ఊరదు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, రుచి మెల్లగా రావచ్చు, రాకపోనూ వచ్చు, తినడం మాత్రం మానకూడదు, తినకపోతే మనిషి నిలవదు అంది. జిన్నూ బ్రాందీ లాంటివి ఆవిడ గొంతుకు తగలకూడదని కూడా చెప్పింది. నా మొహం చూసే ఆ మాట చెప్పి ఉంటుంది.

ఇంటికొచ్చాక రోజూ కంచం ముందు యుద్ధమే. రెండు ముద్దలు తినేది, పక్కకు జరిపేది. నేను బతిమాలేవాణ్ని, అరిచేవాణ్ని. నా కంచమూ పక్కనే పెట్టుకుని, నువ్వు తింటేనే నేను తింటానని మొండికేసేవాణ్ని. ఉపవాసంతో ఏడు కిలోలు తగ్గానని మా చుట్టాలకు చెప్పుకున్నాను. ఆవిడ పడుకున్నాక వంటింట్లో నిలబడి అటుకులు బుక్కేవాణ్నని చెప్పలేదు.

ఒక సాయంత్రం వరండాలో కూర్చుని గ్లాసులో కలుపుకుంటున్నాను. కొలతకు ఆవిడ దగ్గుమందు సీసా మీద ఉండే ప్లాస్టిక్ మూత వాడేవాణ్ని. దాని మీద గీతలుంటాయి, సరిగ్గా వస్తుంది. జిన్ను ఒక మూత, చేదు ఒక మూత, పాకం ఒక మూత. ఆవిడ మంచం మీద నుంచి చూస్తూ ఉంది.

"ఇటియ్యి."

"జిన్నుందే అందుల. గొంతు మండుతది."

"వేలే కదయ్యా ముంచేది."

చిటికెనవేలు ముంచి నాలుక కొసన పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. కాసేపు ఆగింది. అచ్చం మా నాన్న. కళ్లు తెరవకుండానే, "ఉప్పు తక్కువ" అంది.

నేను పగలబడి నవ్వాను. ఇద్దరం నవ్వాం. ఆ ఇంట్లో నవ్వు వినపడి అప్పటికి నాలుగు నెలలు. నవ్వు ఆగాక ఆవిడ వేలు మళ్లీ నాకింది. "చేదు తెలిసిందయ్యా."

"నిజంగనా?"

"సన్నగా. దారప్పోగంత. ఇక్కడ, నాలుక వెనకాల."

ఆ పూట పెరుగన్నం ఐదు ముద్దలు తింది. నేను లెక్కపెట్టాను.

మర్నాడే మూలికల దుకాణానికి పరిగెత్తాను. పరిగెత్తానంటే ఆటోలో. ఆ దుకాణం వాళ్ల తాతల కాలం నుంచి ఉంది. ఇప్పుడు నడిపేవాడు నాకు చిన్ననాటి దోస్తు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, మందు సీసా కంట పడితే రోడ్డు ఆ పక్కకు దాటుతాడు. మా ఆవిడను చెల్లె అంటాడు, అందుకని నన్ను బావ అంటాడు. జిన్నులో కలపడానికని చెబితే మూలికలు ఇవ్వడేమోనని అతనికి మొదటి నుంచీ గ్యాసని అబద్ధం చెబుతూ వచ్చాను.

"గింత నేలవేమా? ఏం జేస్కుంటవ్ బావా?"

"గ్యాస్."

"గింత నేలవేముకు నీ ఒక్కని గ్యాసేంది, మన బజారు మొత్తానిది పోతది."

"జల్దీ కట్టు భాయ్, ఆటో ఆగి ఉన్నది."

అప్పటి నుంచి ఐదున్నర అయితే మా వరండాలో రెండు గ్లాసులు. నా గ్లాసులో జిన్ను. ఆవిడ గ్లాసులో అదే చేదు, అదే పాకం, జిన్ను బదులు చల్లటి నీళ్లు. ముందు ఆవిడ రుచి చూడాలి, తీర్పు చెప్పాలి, ఆ తరవాతే నేను గ్లాసు ఎత్తాలి. అది ఆవిడ పెట్టిన రూలు. నేను రెండు రోజులకోసారి దుకాణానికి వెళ్లి ఏదో ఒకటి మార్చేవాణ్ని. ఒకసారి తొక్క పెంచితే, "ఇవాళ బత్తాయి ముందుకొచ్చిందయ్యా, నేలవేము వెనకబడింది" అనేది. ఒకసారి సొంఠి కొమ్ము దంచి వేస్తే, "ఏదో ఘాటు తగులుతోంది, సొంఠా?" అనేది. ఏం చెప్పినా చివర మాత్రం "ఉప్పు తక్కువ". నేను ఒక్కసారీ వెయ్యలేదు. వీడియోలో ఎవరూ జిన్నులో ఉప్పు వెయ్యలేదు. పైగా అది నా మీద తీర్చుకుంటున్న కసి అని నాకు తెలుసు. గ్లాసయ్యాక నాలుగు ముద్దలో ఐదు ముద్దలో తినేది. అప్పుడు నేనూ తినేవాణ్ని.

రుచి తిరిగొస్తోందని, అది నా కషాయం మహిమేనని ఊరంతా చాటాను. హైదరాబాదు వెళ్లినప్పుడు డాక్టరమ్మకూ చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయి నా మందు వివరాలన్నీ రాసుకుందని తరవాత మా బంధువులకు చెప్పాను. ఆమె రాసుకున్నది ఆవిడ బరువు. తల కూడా ఎత్తలేదు. బరువు పోయినసారి కంటే తగ్గింది. బయటికొచ్చాక ఆ తూకం మిషనే సరిగ్గా లేదని, స్ప్రింగు వదులైందని ఎలక్ట్రీషియన్ హోదాలో ప్రకటించాను. ఆవిడ, "అవునయ్యా, అదే అయుంటుంది" అంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఆవిడ చెల్లెలు దమ్మపేట నుంచి సాయానికి వచ్చింది. మహా పనిమంతురాలు, ఒక్కరోజులో ఇల్లంతా కడిగేసింది. నేను కషాయాన్నీ పాకాన్నీ ఒకే రకం క్వార్టరు సీసాల్లో పోసి ఉంచేవాణ్ని. రెండూ నల్లగానే ఉంటాయి. పాకం రెండు సీసాలు, చేదు ఒక్కటి. చేదు సీసా మెడకు గుర్తుగా ఎర్రదారం కట్టుకున్నాను. జిగటగా ఉన్నాయని మా మరదలు మూడిటినీ పైపైన కడిగి, ఆ మురికి దారం తెంపి పారేసి, వరసగా పెట్టింది.

ఐదున్నరకు నేను అలవాటు చొప్పున రెండు సీసాలు అందుకుని, చూసుకోకుండా కలిపేశాను. ఆవిడకు గ్లాసు ఇచ్చాను. ఒక గుక్క తాగింది. కళ్లు మూసుకుంది.

"ఇవాళ చేదు బాగా కుదిరిందయ్యా. నేలవేము గట్టిగా తగిలింది. ఉప్పే తక్కువ."

అప్పుడు నేను నా గ్లాసు నోట పెట్టుకున్నాను. తీపి. బెల్లం పాయసంలో జిన్ను పోసినట్టుంది. చేదన్నది వెతికినా లేదు. అందుకున్న రెండు సీసాలూ పాకమే.

గ్లాసు కింద పెట్టలేదు. ఆవిడ వైపు చూశాను. చెల్లెలు తెచ్చిన కంచం దగ్గరికి లాక్కుని ముద్ద చేస్తోంది. ముద్ద నోట్లో పెట్టుకుంది, నీళ్లు తాగింది, మాత్ర మింగినట్టు మెడ ముందుకు చాచి మింగింది. మళ్లీ ముద్ద, మళ్లీ నీళ్లు. మింగిన ప్రతిసారీ నా వైపు చూస్తోంది, నేను చూశానా లేదా అని. అన్ని రోజులూ నేను ముద్దలు లెక్కపెట్టాను గాని ఆవిడ మొహం చూడలేదు.

"ఏంటయ్యా, అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు. అవ్, ఇయ్యాల కుదిరింది."

ఇంతకంటే పెద్ద అబద్ధాలు చాలా ఆడాను. ఇంత కష్టపడి ఆడింది మాత్రం ఇదొక్కటే.

ఆ తరవాత నేను మానలేదు. కొత్త ఎర్రదారం కట్టాను. అంతకుముందు కంటే జాగ్రత్తగా మూతలు కొలిచాను. చేదు ఉన్నా లేనట్టేనని తెలిసీ నేలవేము తగ్గించలేదు. ఒకవేళ ఏదో ఒక పూట దారప్పోగంత తెలిస్తే, ఆ పూట నా చేతిలోంచి తీపే వెళ్లిందంటే ఎలా? ఇంకో కారణం కూడా ఉంది. నేను కలపడం ఆపితే ఆవిడ తీర్పు చెప్పడం ఆపుతుంది, తీర్పు ఆగితే ఆ నాలుగు ముద్దలూ ఆగుతాయి. అవి ఎలాగూ ఆగాయి. నాలుగు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. తొలకరి పడిన వారంలో ఆవిడ పోయింది. ముందురోజు సాయంత్రం కూడా గ్లాసు పెదవులకు ఆనించుకుంది. మాట రాలేదు. రెండు వేళ్లు కలిపి చిటికెడు వేస్తున్నట్టు చూపించింది. ఉప్పు.

చాలా రోజులు ఆ సీసాల జోలికి పోలేదు. వానలు వెనకపట్టాక ఒక మధ్యాహ్నం కాళ్లే నన్ను మూలికల దుకాణానికి తీసుకెళ్లాయి. నా దోస్తు ఎవరికో గోరింటాకు పొడి కడుతున్నాడు. ఆమెను పంపించాడు. తరవాత స్టూలు జరిపాడు.

"గ్యాస్ తగ్గిందా బావా?"

నేను తల దించుకున్నాను. "నీకు తెల్సా?"

"నీ నోటి వాసన గూడ తెల్వదా నాకు? తాగెటోని కన్న తాగనోనికే జల్ది దొరుకుతది గది." టీ చెప్పాడు. టీ వచ్చింది. గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "నీకో మాట జెప్పాలె. చెల్లె చెప్పొద్దన్నది. ఇప్పుడిగ చెప్పొచ్చేమో."

"చెప్పు."

"నువ్వు గీ మెట్లు దిగంగనే ఫోన్ జేసేది. 'అన్నా, ఇవాళ ఏం కట్టిచ్చావ్?' అని. తొక్క ఎక్కువ దీస్కపోయిండు అంటే, 'అది వేస్తే ఎలా ఉంటదన్నా?' అనేది. నేను ఇంత నాలిక మీద బెట్టుకొని, గిట్లుంటదమ్మా, ముందు గిది తగుల్తది, యెన్క గది తగుల్తది అని చెప్పేటోన్ని. నేలవేము నాకి నాకి నా నోరు గూడ పాడైంది బావా."

బయట ఆటోలు పోతున్నాయి. "మొదటి నుంచి గంతేనా?" అన్నాను చివరికి.

"లే. మొదటి నాడు నిజంగనే తెల్సిందట. సన్నగ తెల్సిందన్నది. తెల్లారి చూస్తే మల్ల లేదట. నువ్వేమో ఆటోల గీడికి ఉరికొచ్చినవ్. నీకు చెప్పబుద్ధి గాలేదట."

"చెప్తే ఏమైతుండె?"

"నేను గూడ గదే అడిగిన." అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "'నేను ముద్ద ఎత్తితేనే ఆయన కంచంలో చెయ్యి పెడతాడన్నా. పెద్దవాడైపోయాడు, ఎన్నాళ్లని పస్తుంటాడు' అన్నది."

అటుకుల సంగతి అప్పుడు చెప్పాల్సింది అతనికి. చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను. ఆవిడ నా ఆకలి కోసం గొంతు కోసుకుపోతున్నా మింగింది. నేను ఆవిడ పడుకున్నాక డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి తిన్నాను.

నేలవేము పొట్లం కట్టాడు. "దేనికి?" అని అడగలేదు.

ఆ సాయంత్రం ఐదున్నరకు ఒక్క గ్లాసు పెట్టుకున్నాను. దగ్గుమందు సీసా మూత కిటికీలో బోర్లించి ఉంది. జిన్ను ఒక మూత, కొత్తగా కాచిన చేదు ఒక మూత, పాకం ఒక మూత. తొక్క మెలితిప్పాను. తరవాత వంటింట్లోకి వెళ్లి, ఆవిడ నా కంచానికి ఉప్పు తీసే డబ్బాలోంచే, ఆవిడ వేసినంతే చిటికెడు ఉప్పు తెచ్చి గ్లాసులో వేశాను. ఆవిడ మాట నెగ్గించాలన్న ఉద్దేశం తప్ప, అందులో ఏదో ఉంటుందని కాదు.

ఒక గుక్క తాగాను. కళ్లు నాకు తెలియకుండానే మూసుకుపోయాయి.

నాలుకను కోసే చేదు ఒక అడుగు వెనక్కి తగ్గింది. దాని చాటున ఇన్నాళ్లూ కనపడని బత్తాయి తొక్క ముందుకొచ్చింది. ఇప్పపువ్వు తీపి బెల్లంలోంచి విడిపోయి తనదారి తాను పట్టింది. మూడూ మూడుగా తెలిశాయి, మూడూ కలిసీ తెలిశాయి. నేను ఇన్ని నెలలు తొక్కలు మార్చి, కొమ్ములు దంచి, కుదరక వెతుకుతున్నది అదే. నాలుక మీద ఏమీ తెలియని మనిషి రోజూ చెబుతూనే ఉంది.

ఇది పెంచి చెప్పడం లేదు. ఉప్పు తక్కువైంది నిజమే.